తలలో రాయి, కడుపులో డోలు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. ఆదివారం ఉదయం. రైల్వే క్వార్టరు వెనుక పెరట్లో నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. వాటిని గోల్ బజారు నుంచి తెచ్చినవాడు మనవడు. "భోలా మాఛ్ తెచ్చాను" అన్నాడు వాడు. అమ్మినవాడు అలాగే చెప్పాడు మరి. నాయనమ్మ సంచీలోకి తొంగి చూసి, "భోలా ఏట్రా, ఇవి గొరకలు" అంది. ఇద్దరూ తప్పు చెప్పలేదు.

కాసేపటికి ఒక చేప తల చీల్చేసరికి లోపలి నుంచి రెండు తెల్లని రాళ్ళు జారిపడ్డాయి. చిక్కుడు గింజంత కూడా లేవు. ఒకవైపు నున్నగా, మరోవైపు గరుకుగా ఉన్నాయి. చింతపండు పులుసు కాగేలోగా మనవడు వాటిని కడిగి చొక్కా జేబులో వేసుకున్నాడు. చేప తలలోకి రాళ్ళు ఎలా వచ్చాయి? ఇసుక మింగిందా? మీకూ ఈ అనుమానం ఎప్పుడో వచ్చే ఉంటుంది. ఆ రాళ్ళకూ, చేపకు ఉన్న రెండు పేర్లకూ పెద్ద చరిత్రే ఉంది. అందులో విశాఖపట్నం ఉంది, కలకత్తా ఉంది, పారిస్ ఉంది, ఒక ప్రపంచయుద్ధం కూడా ఉంది.

ముందుగా ఆ కుటుంబం అక్కడికి ఎలా చేరిందో చూద్దాం. విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పుతీరం వెంబడి రైలుమార్గం 1893-96 మధ్య వేశారు. ఖరగ్‌పూర్‌ను కటక్‌తో కలిపే మార్గం 1899 జనవరి 1న తెరుచుకుంది. మరుసటి ఏడాదికి హౌరా కూడా కలిసింది. 1902లో ఈ తీరమార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు లేచింది. అందులో కళాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా పనిచేయడానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలమంది తెలుగువారు అదే రైలెక్కి వెళ్ళారు. వారి మనవలు, మునిమనవలు నేటికీ ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మధురాకాఠీ, నింపురా వంటి పేటల్లో ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ.

మ్యాపు ఒకసారి తీయండి. ఈ రైలుమార్గం పొడవునా పక్కనే బంగాళాఖాతం కనిపిస్తుంది. భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్, పూరీ, ఆపైన దీఘా. మనుషులు పట్టాల మీద ఉత్తరానికి వెళ్ళారు. చేపలకు ఆ అవసరం లేదు. అవి ముందునుంచే ఈ తీరమంతటా ఉన్నాయి. తెలుగు మత్స్యకారులు కూడా రైలు కోసం ఎదురుచూడలేదు. పూరీలోని పెంఠకటా వాడలో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. ఒడియా వారు వారిని నోలియాలు అంటారు. దీఘాలో స్నానానికి దిగి కొట్టుకుపోయే యాత్రికులను కాపాడే గజఈతగాళ్ళను బెంగాలీలు ఇప్పటికీ నులియాలనే పిలుస్తారు. ఒక తీరపు జాలరుల పేరు మరో తీరంలో ఒక వృత్తికి పేరుగా మారింది.

ఒకే కుటుంబం, ఎన్నో పేర్లు

గొరక, భోలా అనే పేర్లు ఒకే ఒక జాతి చేపకు చెందినవి కావు. సయీనిడే అనే పెద్ద కుటుంబంలోని చాలా చేపలకు ఇవి ఉమ్మడి పేర్లు. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద దాదాపు మూడువందల జాతులున్నాయి. చాలావరకు ఒడ్డుకు దగ్గరగా, బురద లేదా ఇసుక అడుగున్న నిస్సారమైన నీళ్ళలో, నదీముఖాల్లో తిరుగుతాయి. అలివి వలకూ, గాలానికీ, తెప్ప మీద వెళ్ళేవారి చిన్న వలకూ దొరికేవి ఇవే. అందుకే తీరంలో పేదవాడి కూర చాలాకాలం ఇదే. ఎండబెడితే వానాకాలానికీ పనికివస్తుంది.

అమెరికాలోని మెక్సికో సింధుశాఖ తీరంలో సెలవురోజున గాలం పట్టుకుని బయలుదేరేవారు రెండు చేపల కోసం వెళతారు. ఒకటి మచ్చల సీట్రౌట్, రెండోది రెడ్ డ్రమ్. మొదటిదాని పేరులో ట్రౌట్ ఉంది గాని అది ట్రౌట్ కానేకాదు. ఒంటిమీది చుక్కలు చూసి, ఇంగ్లండ్ నుంచి వలసపోయినవారు తమకు తెలిసిన ఏటిచేప పేరు దానికి తగిలించారు. రెండోదాన్ని డ్రమ్ అన్నది అది చేసే చప్పుడును బట్టి. ఈ రెండూ మన గొరకకు దాయాదులే. సీట్రౌట్ పై దవడ ముందు భాగంలో ఉన్నట్టే మన తీరంలోని ఒక గొరకకూ కోరపళ్ళుంటాయి. దాని శాస్త్రీయ నామం ఓటోలితెస్ రూబర్. ఇంగ్లీషులో పులిపంటి చేప అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఈ శాస్త్రీయ నామాలు ఎలా వచ్చాయన్నదే మన కథలో ఆసక్తికరమైన భాగం. తమిళ తీరంలో డేనిష్ వారి స్థావరం తరంగంబాడిలో క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ అనే మతబోధకుడు ఉండేవాడు. స్థానిక చేపలను సేకరించి బెర్లిన్‌లోని వైద్యుడు, మత్స్యశాస్త్రవేత్త బ్లాక్‌కు పంపేవాడు. బ్లాక్ 1793లో ఒక ప్రజాతికి జోనియస్ అని పేరుపెట్టి ఆ రుణం తీర్చుకున్నాడు. ఈనాటికీ మన వలల్లో పడే చిన్న గొరకలు చాలా ఈ జోనియస్ ప్రజాతివే. బ్లాక్ చనిపోయాక 1801లో ష్నైడర్ పూర్తిచేసిన గ్రంథంలో రూబర్ జాతి వర్ణన వచ్చింది. పుదుచ్చేరిలోని ఫ్రెంచివారు ఈ చేపను "రాతిచేప" అనే అర్థంలో పిలిచేవారు. తలలోని రాళ్ళ వల్లనే ఆ పేరు. ఆ తర్వాత వచ్చిన ఓటోలితెస్ అనే ప్రజాతి నామానికీ అర్థం అదే: చెవిరాయి. మన మనవడి జేబులో ఉన్నది అదే.

ఇక విశాఖపట్నం. 1780లలో అక్కడ ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. కంపెనీ ఉద్యోగి అయిన తన సోదరుడి వెంట వచ్చాడు. 1785 తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. రక్తపింజరను ఇంగ్లీషులో రసెల్ వైపర్ అనడం మీరు వినే ఉంటారు. ఆ రసెల్ ఇతడే. పాముల మీద చేసిన పని వల్ల అతనికి పేరొచ్చింది. చేపల పుస్తకం సంగతి అంతగా ఎవరికీ పట్టదు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలతో అది 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది.

ఆ పుస్తకం తిరగేస్తే తెలుగువాడికి ఒళ్ళు పులకరిస్తుంది. బొమ్మల కింద కనిపించేవి విశాఖ రేవులో జాలరులు చెప్పిన పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. పాలీనెమస్ కుటుంబపు చేపల దగ్గర "మాగ" అన్న మాట ఉంది. గొరక కుటుంబపు చేపల దగ్గర "కచ్చెలీ" అన్న మాట ఉంది. అంతటితో ఆగలేదు. నల్ల కచ్చెలీ, తెల్ల కచ్చెలీ అని వేరువేరు బొమ్మలున్నాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పద్దెనిమిదో శతాబ్దంలో ద్వినామ పద్ధతిని స్థిరపరిచాడని మీరు జీవశాస్త్రంలో చదువుతారు. మొదటి మాట ప్రజాతికి, రెండోది జాతికి. కచ్చెలీ అన్నది ప్రజాతి వంటి మాట, నల్ల, తెల్ల అన్నవి జాతిని వేరుచేసే విశేషణాలు. బడికి వెళ్ళని జాలరి, వల నుంచి చేపను విడదీస్తూ, అదే తర్కంతో పేరు పెట్టాడు. విశేషణం ముందు వచ్చిందా, వెనుక వచ్చిందా అన్నదొక్కటే తేడా. అది తెలుగు వ్యాకరణం పుణ్యం.

రసెల్ పుస్తకం పారిస్ చేరింది. అక్కడ కువియే అనే మహా శాస్త్రవేత్త ప్రపంచంలోని చేపలన్నిటికీ లెక్క కట్టే పనిలో ఉన్నాడు. అతడు భారతదేశానికి ఎన్నడూ రాలేదు. 1829లో, రసెల్ అచ్చువేసిన కచ్చెలీ బొమ్మను ఆధారం చేసుకుని, ఆ చేపకు కోర్వైనా కటాలియా అని పేరు పెట్టాడు. మన తీరపు మాట ఆ లాటిన్‌లో వినబడుతూనే ఉంది. తమిళ మత్స్యకారులు ఈ కుటుంబాన్ని కత్తలై అంటారు. కచ్చెలీ, కత్తలై, కటాలియా: పక్కపక్కన పెట్టి పైకి చదివి చూడండి.

బెంగాల్ వైపూ ఇలాగే జరిగింది. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానదీ, దాని శాఖల చేపల గురించి 1822లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఈ కుటుంబం చేపలను అతడు "బోలా" అనే విభాగం కింద చేర్చాడు. గోల్ బజారులో మనవడు విన్న భోలాయే అది. బోలా పామా, బోలా కోయిటర్, బోలా చాప్టిస్ అంటూ స్థానిక పేర్లనే లాటిన్ గ్రంథంలో కూర్చోబెట్టాడు.

అయితే శాస్త్ర నామకరణానికి ఒక కఠినమైన నియమం ఉంది. ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది. కువియే కటాలియా అన్న చేపకే 1802లో లాసెపేద్ డయాకాంథస్ అని పేరు పెట్టి ఉన్నాడని తరువాత తేలింది. డయాకాంథస్ అంటే రెండు ముళ్ళది. ఆ విధంగా కటాలియా "పర్యాయనామం"గా మారి జాబితాల అడుగున చేరింది. ఇప్పుడు ఆ చేప ప్రోటోనీబియా డయాకాంథస్. బోలా అనే విభాగమూ నిలవలేదు. కానీ పామా, కోయిటర్ వంటి జాతి నామాలు నేటికీ చెలామణిలో ఉన్నాయి. అంటే శాస్త్రంలో బెంగాలీ జాలరి మాట కొంత మిగిలింది, తెలుగు జాలరి మాట అట్టడుగుకు పోయింది. నియమం నియమమే. అయినా నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

తీరం మీద మాత్రం ఆ మాట చావలేదు. కాకినాడ, అంతర్వేది, విశాఖ రేవుల్లో ఈ పెద్ద చేపను నేడు కచిడి అంటున్నారు. రసెల్ చెవికి కచ్చెలీ అని వినిపించిన మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి. ఈ కచిడి సంగతికి మళ్ళీ వస్తాను.

చేప డోలు ఎలా వాయిస్తుంది?

నీటిలో చేపలు మౌనంగా ఉంటాయని మనం అనుకుంటాం. అది మన చెవుల లోపం. నీటిలో పుట్టిన శబ్దం ఉపరితలం దాకా వచ్చి దాదాపు పూర్తిగా వెనక్కి ప్రతిఫలిస్తుంది. గాలిలోకి వచ్చేది అతి స్వల్పం. నీటి లోపల మాత్రం అది సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో, అంటే గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో, చాలా దూరం పోతుంది. మురికిగా, మసకగా ఉండే నదీముఖపు నీళ్ళలో కళ్ళకన్నా చెవులే ఎక్కువ పనికొస్తాయి.

చాలా చేపల కడుపులో వాతాశయం అనే గాలితిత్తి ఉంటుంది. నీటిలో మునగకుండా, తేలిపోకుండా సమతూకంగా ఉండడానికి అది ఉపయోగపడుతుంది. గొరక కుటుంబపు చేపలు దాన్ని వాయిద్యంగా కూడా వాడుకున్నాయి. తిత్తిని ఆనుకుని ఇరువైపులా ప్రత్యేకమైన కండరాలుంటాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో అత్యంత వేగంగా ముడుచుకునే కండరాల్లో ఇవీ ఉన్నాయి. అవి వరుసగా ముడుచుకుంటుంటే తిత్తి గోడలు కంపిస్తాయి. నీటి కన్నా గాలి ఎన్నో రెట్లు సులువుగా నొక్కుకుపోతుంది కనుక ఆ కంపనం బయటి నీటికి బలంగా అందుతుంది. డోలు మీద తోలు ఎలాగో ఇక్కడ తిత్తి గోడ అలాగన్నమాట. చాలా జాతుల్లో ఈ కండరాలు మగచేపలకే ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో, ఎక్కువగా పొద్దుగూకే వేళ, మగచేపలన్నీ ఒకచోట చేరి గుడగుడమని వాయిస్తాయి. ఆడచేపలు ఆ చప్పుడు వైపు వస్తాయి.

వాయించేవాడికి వినే చెవి ఉండాలి కదా! తలలోని రాళ్ళ పని అదే. వాటిని కర్ణశిలలు అంటారు. ఇవి ఇసుక మింగితే వచ్చినవి కావు. కాల్షియం కార్బోనేట్‌తో చేప తానే పొరలు పొరలుగా కట్టుకున్నవి. చేప శరీరం సాంద్రత సుమారు నీటి సాంద్రతే. శబ్దతరంగం వచ్చినప్పుడు చేప శరీరం నీటితోపాటే కదులుతుంది. బరువైన రాయి మాత్రం కొంచెం వెనకబడుతుంది. ఆ తేడాను రాయి కిందనున్న సున్నితమైన కేశకణాలు పసిగడతాయి. అదే వినడం. ఎముకలున్న చేపలన్నిటికీ ఈ రాళ్ళుంటాయి. గొరక కుటుంబంలో అవి మరీ పెద్దవి. కత్తిపీట దగ్గర మన కంట పడేది అందుకే.

విన్నవాళ్ళు

చేప మాట్లాడుతుందని శాస్త్రవేత్తలకన్నా ముందు జాలరులకు తెలుసు. పదహారో శతాబ్దపు చైనా రచనల్లో ఒక ముచ్చట ఉంది. పసుపు గొరకలు తీరానికి వచ్చే రుతువులో జాలరులు వెదురు గొట్టాన్ని నీటిలోకి దింపి పైకొనకు చెవి ఆనించి వినేవారట. చప్పుడు వినబడిన దిక్కున వల వేసేవారు. మలయా తీరంలో జురు సెలామ్ అనే నిపుణుడు పడవ అంచు పట్టుకుని తల నీటిలో ముంచి వినేవాడు. ఏ జాతి చేప, ఎంత దూరం, ఎంత గుంపు అన్నది చెప్పడం అతని విద్య. గురువు దగ్గర ఏళ్ళ తరబడి నేర్వాల్సిన విద్య అది.

1942లో అమెరికా నౌకాదళం కూడా విన్నది, తాను అనుకోకుండానే. జర్మన్ జలాంతర్గాములను కనిపెట్టడానికి చీసాపీక్ అఖాత ముఖద్వారంలో నీటి అడుగున హైడ్రోఫోన్లు అమర్చారు. ఆ వసంతకాలం సాయంత్రాల్లో వాటిలో రోడ్డు తవ్వే యంత్రం మోతలాంటిది మొదలైంది. శత్రువు ఏదో కొత్త ఎత్తు వేశాడని కంగారు పడ్డారు. తీరా చూస్తే గుడ్లు పెట్టడానికి చేరిన క్రోకర్ చేపల మేళం! జలాంతర్గామి ఏది, చేప ఏది అని వేరుచేయాల్సిన అవసరం పడింది. దానితో చేపల శబ్దాలపై పరిశోధనకు నౌకాదళమే డబ్బు పెట్టింది. ఆ పనిలో దశాబ్దాల పాటు కృషిచేసిన జీవశాస్త్రవేత్త పేరు మేరీ పోలండ్ ఫిష్. ఆమె ఇంటిపేరు నిజంగా అదే!

వినడం వేరు, ఆ వినికిడినే ఆయుధంగా వాడడం వేరు. 1950లలో చైనా తీరంలో ఒక పాత పద్ధతి విపరీతంగా వ్యాపించింది. ఎన్నో పడవలు వలయంగా నిలిచి చెక్కలు దబదబా బాదేవి. ఆ మోత నీటిలోకి దిగి గొరకల గాలితిత్తినీ కర్ణశిలలనూ అదరగొట్టేది. చిన్నా పెద్దా అన్నీ స్పృహ తప్పి తేలేవి. మిగతా చేపల కన్నా గొరకలకే ఎక్కువ దెబ్బ. బాగా వినగలగడమే వాటి ప్రాణం మీదికి వచ్చింది. 1970ల నాటికి పసుపు గొరకల నిల్వలు కుప్పకూలాయి. ఆ తరువాత చైనా వారు వాటిని పంజరాల్లో పెంచడం నేర్చుకోవలసి వచ్చింది.

తిత్తి ఖరీదు

మనవైపు కథ చప్పుడుతో గాక తిత్తితో మొదలైంది. ఐరోపాలో బీరు, సారాయి తేటపరచడానికి ఐసింగ్లాస్ అనే పదార్థం వాడేవారు. రష్యా నుంచి వచ్చే స్టర్జన్ చేపల ఎండిన గాలితిత్తే ఐసింగ్లాస్. గంగా ముఖద్వారంలో దొరికే సులియా అనే చేప, అంటే మన మాగకు చుట్టం, తిత్తి కూడా ఇందుకు పనికివస్తుందని మెక్‌క్లెలండ్ 1839లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. 1842లో రాయిల్ అనే మరో శాస్త్రవేత్త భారత తీరాల్లో ఐసింగ్లాస్ ఉత్పత్తి గురించి ఏకంగా పుస్తకమే రాశాడు. అంతవరకు కోసి పారేసిన పేగుల మధ్య డబ్బు ఉందన్న సంగతి ఆ విధంగా ఇంగ్లీషులో అచ్చయింది.

మరో డెబ్భై ఏళ్ళకు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, బెంగాల్ ప్రభుత్వం గోల్డెన్ క్రౌన్ అనే ఆవిరి ట్రాలర్‌ను తెప్పించి 1908-09లో బంగాళాఖాతంలో చేపల మైదానాలు వెదికించింది. అడుగును ఊడ్చుకుంటూ పోయే ఈ వల మన సముద్రానికి అప్పుడు కొత్త. ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో మరపడవలు తీరమంతటా పెరిగాయి. 1976లో విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బరు వచ్చింది. అడుగున తిరిగే గొరకలు ట్రాలు వలకు సులువుగా చిక్కుతాయి.

ఇప్పుడు కచిడి దగ్గరికి వద్దాం. ఒకటిన్నర మీటరు పొడవు దాకా పెరిగే ఈ చేప ఒక్కటి దొరికితే జాలరి ఇంట పండగే. ఒక్క చేప లక్షల రూపాయలు పలికిందన్న వార్తలు కాకినాడ, కోనసీమ నుంచి అప్పుడప్పుడు వస్తున్నాయి. దీఘా మోహనా వేలంలో తేలియా భోలా పేరుతో వచ్చే పెద్ద చేపలదీ ఇదే వరస. గుజరాత్‌లో దీని పేరు ఘోల్. 2023 నవంబరులో ఆ రాష్ట్రం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. అంత ధర దేనికి? ఆపరేషన్లలో కుట్లు వేసే దారానికని పత్రికల్లో తరచూ రాస్తారు. అసలు గిరాకీ అది కాదు. ఎండబెట్టిన గాలితిత్తి హాంకాంగ్, చైనా విందు భోజనాల్లో గౌరవ వంటకం, బలవర్ధకమన్న నమ్మకం. రసాయనికంగా చూస్తే అందులో ప్రధానంగా ఉన్నది కొల్లాజెన్ అనే ప్రోటీను. అది ఆవు తోలులోనూ ఉంటుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి రెండు దాయాదులను చూడండి. దక్షిణ చైనాలోని బహాబా అనే గొరక మనిషంత పొడవు పెరిగేది. శాస్త్రానికి అది తెలిసింది 1930లలో. ఆ తరువాత డెబ్భై ఏళ్ళు తిరక్కుండానే దాదాపు మాయమైంది. గుడ్లు పెట్టడానికి నదీముఖాలకు చేరినప్పుడు అది చేసే మోతే దాని చిరునామా చెప్పేది. మెక్సికోలోని టోటోఆబా కూడా తిత్తి కోసమే వేటకు గురైంది. 1975లో ఆ దేశం దాని వేట నిషేధించింది. దొంగవలలు ఆగలేదు. ఆ వలల్లో చిక్కుకుని వకీటా అనే చిన్న సముద్ర క్షీరదం చచ్చిపోతూ వచ్చింది. ప్రపంచంలో మిగిలిన వకీటాలు ఇప్పుడు పదికి అటూ ఇటూ అని అంచనా.

అమెరికా రెడ్ డ్రమ్‌కు ముప్పు తెచ్చింది తిత్తి కాదు, ఒక వంట. 1980ల తొలినాళ్ళలో లూసియానాలోని పాల్ ప్రుధోమ్ అనే వంటవాడు మసాలా దట్టించి పెనం మీద నల్లగా మాడ్చిన రెడ్ డ్రమ్ ముక్కలు వడ్డించాడు. దేశమంతా ఎగబడింది. సముద్రంలో గుంపులుగా తిరిగే పెద్ద తల్లిచేపలను విమానాలతో వెదికి మరీ పట్టారు. 1986లో కేంద్ర ప్రభుత్వం తన జలాల్లో వ్యాపార వేటను ఆపింది. తరువాత గాలం వేసేవారికీ నియమాలు వచ్చాయి. ఉదాహరణకు టెక్సాస్‌లో 20 అంగుళాల కన్నా చిన్న రెడ్ డ్రమ్‌ను వదిలేయాలి. విచిత్రమేమిటంటే 28 అంగుళాల కన్నా పెద్దదాన్నీ సాధారణంగా వదిలేయాలి. చిన్నది ఎదగాలి, పెద్దది గుడ్లు పెట్టాలి. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు చిన్న చేపలు పెట్టేవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ చేప క్రమంగా కోలుకుంది.

మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు విరామం ఉంది. ఇది మంచిదే. కానీ ఒక జాతి గుంపు కట్టే కాలం ఆ రెండు నెలల్లో పడకపోతే ఆ విరామం దానికి అక్కరకు రాదు. కేరళ యాభైకి పైగా జాతులకు కనీస పొడవు నిర్ణయించింది. పెద్ద చేపను వదిలేయమని చెప్పడం మాత్రం మన దగ్గర అంత తేలిక కాదు. టెక్సాస్‌లో గాలం వేసేవాడు సరదాకి వేస్తాడు. అంతర్వేది జాలరికి ఒక్క కచిడి అంటే తీరిన అప్పు, కొత్త వల, కూతురి పెళ్ళి. దాన్ని నీళ్ళలోకి వదలమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? ఈ ప్రశ్నకు జీవశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ చేపలు ఎక్కడ, ఏ నెలలో చేరతాయో తెలిస్తే ఆ కాసింత చోటును, ఆ కొద్ది వారాలను కాపాడవచ్చు. అది తెలుసుకునే ఒక దారి వినడం. సముద్రం అడుగున హైడ్రోఫోన్ వదిలి, నెలల తరబడి రికార్డు చేసి, ఎక్కడ ఎప్పుడు డోలు మోగిందో గుర్తించే పద్ధతిని గొరక కుటుంబంపై చాలా దేశాల్లో వాడుతున్నారు. జురు సెలామ్ తల ముంచి చేసిన పనే అది.

ఇక మనవడి జేబులోని రాళ్ళు. వాటిని పారేయకండి. మీ ఇంట్లో ఈసారి గొరకలు తెచ్చినప్పుడు మీరూ రెండు దాచండి. సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, ఒకదాన్ని సన్నని గరుకు కాగితం మీద నెమ్మదిగా మధ్యభాగం వచ్చేవరకు అరగదీయండి. చివరగా టూత్‌పేస్టుతో నున్నగా రుద్దండి. ఒక నీటిచుక్క వేసి కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెట్టండి. చెట్టు మొదలు కోసినప్పుడు కనిపించేలాంటి వలయాలు కనిపిస్తాయి. చలిదేశాల చేపల్లో ఏడాదికొక వలయం స్పష్టంగా ఉంటుంది. మన వెచ్చని నీళ్ళలో అవి కొంచెం మసకగా ఉంటాయి. అందువల్ల తొందరపడి వయసు తేల్చకండి. 1971లో జార్జియో పనెల్లా అనే శాస్త్రవేత్త ఇంకా సన్నని వలయాలున్నాయనీ, అవి రోజుకొకటి చొప్పున ఏర్పడతాయనీ చూపించాడు. మంచి సూక్ష్మదర్శిని ఉంటే ఆ చేప బతికిన రోజులను కూడా లెక్కించే ప్రయత్నం చేయవచ్చు.

రాళ్ళను పొట్లం కట్టేటప్పుడు ఒక చీటీ కూడా పెట్టండి. తేదీ, కొన్న చోటు, చేప పొడవు, అమ్మినవాడు చెప్పిన పేరు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన పేరు. రెండు పేర్లూ రాయండి. రసెల్ విశాఖపట్నం రేవులో చేసింది ఇదే.